నడుం పట్టేసిన మేనల్లుడికి

ఉండి,
పశ్చిమ గోదావరి జిల్లా.

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ ఫోను చేసి అంతా చెప్పింది. ఆకివీడులో చేపల లారీకి ట్రేలు ఎక్కిస్తుంటే నడుం పట్టేసిందట. వారాల తరబడి మంచం దిగడం లేదట. స్కానింగులో డిస్కు ఉబ్బిందని వచ్చిందట. ఇక బరువు పని నా వల్ల కాదు, అప్పు చేసైనా ఆటో కొనుక్కుంటానని అంటున్నావట. నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు కూడా చదివాను. ఫోనులో చెబితే సగం నీ చెవిన పడదు. కాగితం మీద ఉంటే మళ్లీ చదువుకుంటావు, మీ ఆవిడకీ చదివి వినిపిస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఫిజియోథెరపీ చేస్తూ నా ఉద్యోగ కాలమంతా నడుం నొప్పి వాళ్ల మధ్యే గడిచింది. రైస్ మిల్లు హమాలీలు, ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లు, చెరువుల్లో మేత కట్టేవాళ్లు, లారీ డ్రైవర్లు, రొయ్యల ప్లాంటులో పొద్దస్తమానం నిలబడే ఆడపిల్లలు, అందరినీ చూశాను. ఒకే రకం నొప్పితో వచ్చిన ఇద్దరిలో ఒకడు నెల తిరిగేసరికి పనిలో ఉండేవాడు, ఇంకొకడు ఏడాదికి కూడా తేరుకునేవాడు కాదు. తేడా చాలాసార్లు నడుంలో కనిపించేది కాదు. తొలి వారాల్లో వాళ్లకు ఎవరు ఏం చెప్పారు, వాళ్లు ఏం నమ్మారు, మేస్త్రి వాళ్లకు ఏ పని ఇచ్చాడు అన్నదాంట్లో ఉండేది. నువ్విప్పుడు సరిగ్గా ఆ వారాల్లోనే ఉన్నావు.

ముందు భయపడాల్సినవి చెప్పేస్తాను. మూత్రం బిగుసుకుపోయినా, ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా, కూర్చునే చోట, తొడల లోపలి వైపు స్పర్శ పోయినా, కాలు నీరసించి పాదం ఈడ్చాల్సి వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగకూడదు. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా ఒళ్లు తగ్గిపోవడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే వెన్నుపూసకు క్షయ సోకిందేమో చూపించుకోవాలి. గట్టు మీంచి పడ్డాక వచ్చిన నొప్పికీ, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్ల నొప్పికీ పరీక్షలు తప్పవు. ఇవేవీ నీకు లేవని మీ అమ్మను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను. వీటిలో ఏది కొత్తగా కనిపించినా ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి బయలుదేరు.

ఇక రిపోర్టు సంగతి. డిస్కు ఉబ్బు, అరుగుదల అన్న మాటలు చదివి నీ నడుం చెడిపోయిందని తేల్చేసుకున్నావు. 2015లో అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు కొందరు ఇతరులతో కలిసి, అంతకుముందు వచ్చిన 33 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. అందులో లెక్కకు తీసుకున్న 3,110 మందీ నడుం నొప్పి లేనివాళ్లే. అయినా స్కానింగులో ముప్పై ఏళ్ల వాళ్లలో 40 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి కనిపించింది. అరుగుదల అయితే ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి ఉంది. అంటే నీ వయసు వాళ్లలో నొప్పి లేకుండా తిరుగుతున్న పదిమందిని తీసుకెళ్లి స్కాను తీయిస్తే, నలుగురి చేతిలో నీలాంటి రిపోర్టే పెడతారు. జారిన డిస్కు కూడా చాలామందిలో నెలలు గడిచేకొద్దీ దానంతట అదే కుంచించుకుపోతుంది. నీకు నొప్పి లేదని నేననడం లేదు. నొప్పి నిజమే. ఆ కాగితం నీ పనికి మరణశాసనం మాత్రం కాదు. నడుం నొప్పుల్లో నూటికి తొంభై దాకా ఫలానా ఎముక వల్ల, ఫలానా నరం వల్ల అని వేలు పెట్టి చూపించలేని రకమే. కండరాలు, కీళ్లు, అలసట, నిద్ర, దిగులు అన్నీ అందులో కలిసి ఉంటాయి.

అదృష్టమో దురదృష్టమో, ఇది నీ ఒక్కడి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉంది. 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటుతుందని అంచనా. మనుషుల్ని పనికి, మామూలు బతుక్కి దూరం చేసే జబ్బుల్లో ప్రపంచం మొత్తం మీద దీనిదే మొదటి స్థానం. ప్రాణం తీసే జబ్బు కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ కూలి మీద బతికే ఇంట్లో మగవాడి నడుం పడిపోతే ఆ ఇంటి సంగతి ఏమవుతుందో మన వీధిలోనే చూశావు. మొదట వారం కూలి పోతుంది. తర్వాత మందులకు, స్కానింగులకు అప్పు. తర్వాత ముఠాలో అతని చోటు ఇంకొకడికి. ఆ తర్వాత పిల్లవాడి కాలేజీ ఫీజు ఆగిపోతుంది.

మంచం సంగతి చెబుతాను. పడుకుంటే తగ్గుతుందని మన పెద్దవాళ్లూ అన్నారు, ఒకప్పుడు వైద్యులూ అన్నారు. ఆ మాట తప్పని ఇప్పుడు తేలింది. ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో నగరపాలక ఉద్యోగుల్లో అప్పుడే నడుం పట్టేసిన 186 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టును రెండు రోజులు మంచం మీద పడుకోమన్నారు. ఇంకో జట్టుకు నడుం వ్యాయామాలు నేర్పారు. మూడో జట్టును నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకుంటూ ఉండమన్నారు. 1995లో ఆ ఫలితాలు వచ్చాయి. అందరికంటే త్వరగా కోలుకున్నది, తక్కువ రోజులు సెలవు పెట్టింది ఆ మూడో జట్టే. మంచం పట్టినవాళ్లు అందరికంటే ఆలస్యంగా తేరుకున్నారు. పడుకుంటే కండ తగ్గిపోతుంది, నడుం బిగిసిపోతుంది, లేవాలంటే భయం పెరుగుతుంది. నువ్వు ఇప్పటికే రెండు రోజులు కాదు, వారాలు పడుకున్నావు. రేపు పొద్దున్నే లే. గుమ్మం దాకా, వీధి చివరి దాకా, కాలువ వంతెన దాకా నడు. కొంచెం నొప్పి పుడుతుంది. పుట్టినంత మాత్రాన లోపల ఏదో తెగిపోయినట్టు కాదు. నడిచాక పెరిగిన నొప్పి మర్నాటికి తగ్గిపోతే ఆ నడక నీకు సరిపోయినట్టే. మర్నాటికి కూడా నిలిచి ఉంటే ఆ రోజు కొంచెం తగ్గించు, మానేయకు.

ఆటో గురించి. బరువులు ఎత్తక్కర్లేదు, కూర్చుని చేసే పని, హాయి అనుకుంటున్నావు. నేను చూసిన నడుం నొప్పి వాళ్లలో డ్రైవర్లకు లోటు లేదు. గంటల తరబడి ఒకే తీరున కూర్చోవడం, దానికి తోడు ఇంజను అదురు, గతుకుల కుదుపు, ఇవన్నీ వెన్నుకు పడని సంగతులే. ట్రాక్టర్లు, లారీలు నడిపేవాళ్లకు నడుం నొప్పి ఎక్కువని ఎన్నో దేశాల్లో తేలింది. ఆకివీడు నుంచి భీమవరం దాకా 165వ నంబరు జాతీయ రహదారి మీద, ఆపైన చెరువుల మధ్య పుంత దారుల్లో రోజంతా ఆటో తిప్పితే నీ నడుముకు విశ్రాంతి ఏమీ దొరకదు. పైగా నెలనెలా వాయిదా కట్టాలి కాబట్టి నొప్పి వచ్చిన రోజున కూడా బండి తీయక తప్పదు. ఆటో నడపాలన్న ఇష్టం ఉంటే రెండేళ్ల తర్వాత నడుపుదువు గాని. నొప్పికి భయపడి మాత్రం అప్పు చేయకు.

మరి ఏం చేయాలి? నీ పనికే తిరిగి వెళ్లాలి, కానీ మెట్లు మెట్లుగా. కొత్తగా తవ్విన చెరువుకు ఒక్కరోజులో నిండా నీరు పెట్టం కదా. గట్టు తడిసి కుదురుకునేదాకా కొంచెం కొంచెంగా పెడతాం. నడుముకూ అంతే. మొదటి వారం కాటా దగ్గర తూకం రాయడం, ట్రేలు కడగడం, ఐసు చల్లడం. నొప్పి నిలకడగా ఉంటే మోకాలికీ గుండెకూ మధ్య ఎత్తులో ఉన్న ట్రేలు అందించడం. ఆ తర్వాత ఇద్దరు కలిసి ఎత్తడం. నేల మీంచి ఎత్తి లారీలో పై వరుసకు అందించే పని అన్నిటికంటే చివర. కెనడాలోని షెర్‌బ్రూక్ నగరంలో నడుం నొప్పితో నాలుగు వారాలకు పైగా పనికి దూరమైన 130 మంది మీద ఇలాంటి పద్ధతినే పరీక్షించారు. ఒక జట్టుకు వైద్యం ఒక్కటే కాకుండా, వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి కార్మికుణ్ణీ, పై అధికారినీ కూర్చోబెట్టి పనిని ఎలా మార్చాలో మాట్లాడారు. మామూలు వైద్యం అందినవాళ్ల కంటే వాళ్లు 2.4 రెట్లు వేగంగా తమ పనిలోకి వచ్చారు. 1997లో ఆ ఫలితం అచ్చయింది. పూర్తిగా తగ్గాకే వస్తానని ఇంట్లో కూర్చునేవాడికి ఆ రోజు దూరమవుతూనే ఉంటుంది. సగం తగ్గగానే సగం పనితో మొదలుపెట్టినవాడికి మిగతా సగం పనిలోనే తగ్గుతుంది.

దీనికి మేస్త్రి ఒప్పుకుంటాడా అని అడుగుతావు. అడగందే ఎలా తెలుస్తుంది? టన్నుకు ఇంత అని ముఠా అంతటికీ కలిపి ఇచ్చే చోట, ఒకడు తేలిక పని చేస్తే మిగతావాళ్ల మీద భారం పడుతుంది. అది నిజం. అందుకే ముఠా అందరి ముందూ మాట్లాడు. ఈ నెల నాకు తేలిక పని ఇవ్వండి, వాటా తగ్గించుకుంటాను, రేపు మీలో ఎవరికి నడుం పట్టినా ఇదే పద్ధతి అని చెప్పు. ఏళ్ల తరబడి ఒకే ముఠా విడిపోకుండా పనిచేసిన చోట్ల ఇలాంటి ఒప్పందం ఏదో ఒకటి ఉండటం నేను చూశాను. అనుభవం ఉన్నవాణ్ణి వదులుకుంటే మేస్త్రికీ నష్టమే. హౌరాకో గౌహతికో వెళ్లే లారీలో ఐసు ఎంత వేయాలో, ట్రేలు ఎలా పేరిస్తే చేప నలగదో తెలిసినవాడు ఊరికే దొరకడు.

ఇంకో మాట కూడా ఆ పంచాయితీలో తీయాలి. నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తండి అని గోడ మీద బొమ్మలు అంటిస్తే సరిపోతుందని చాలామంది యజమానులు అనుకుంటారు. ఎత్తే తీరు నేర్పినంత మాత్రాన నడుం నొప్పులు తగ్గలేదని అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. మారాల్సింది బరువు, ఎత్తు, దూరం, పని వేగం. అమెరికాలో పనిచోటు ఆరోగ్యాన్ని చూసే ప్రభుత్వ సంస్థ 1991లో ఒక లెక్క కట్టింది. బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, పక్కకు తిరగకుండా, అప్పుడప్పుడూ మాత్రమే ఎత్తేటట్టయితే 23 కిలోలు దాటకూడదు. బరువు నేల మీద ఉన్నా, చేతులు చాచాల్సి వచ్చినా, ఒళ్లు మెలితిప్పాల్సి వచ్చినా, నిమిషానికి ఎన్నో సార్లు ఎత్తాల్సి వచ్చినా ఆ పరిమితి ఇంకా దిగుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో పెద్ద మగవాడు మోసే బరువుకు 55 కిలోలను గరిష్ఠ హద్దుగా సూచించింది. మన జిల్లాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలే లెక్క. బస్తా బరువు దేవుడు నిర్ణయించింది కాదు. 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45 కిలోలకు దించారు. ఎరువు వాడకం తగ్గాలని చేసిన పని అది. అయినా ఒక్క ఉత్తర్వుతో బస్తా తేలికవుతుందని అది చూపించింది. మీ ప్యాకింగ్ చోట కూడా నడుం ఎత్తు బల్ల, నాలుగు చక్రాల బండి, లారీ దాకా వాలు చెక్క, ఇద్దరిద్దరు ఎత్తడం, గంటకోసారి పనులు మార్చుకోవడం, ఇవేవీ కోట్ల ఖర్చు కాదు.

చేపల పట్టుబడి తెల్లవారుజామున మొదలవుతుంది కాబట్టి నీకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త చెప్పాలి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. నిద్ర లేచిన మొదటి గంటలో నడుం వంచితే వాటి మీద ఒత్తిడి మిగతా రోజు కంటే ఎక్కువ. మీరేమో లేచీ లేవగానే చీకట్లో, తడి నేల మీద బరువులు ఎత్తడం మొదలుపెడతారు. కొంచెం ముందుగా లేచి, అటూ ఇటూ నడిచి, పనిలోకి దిగాక మొదటి అరగంట తేలిక పనులు చేసి అప్పుడు బరువు పట్టు. ముఠా అంతటికీ ఇది అలవాటు చేయగలిగితే మరీ మంచిది.

మందుల గురించి. నొప్పి మాత్ర కొద్ది రోజులు, తిన్న తర్వాత, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటే నడవడానికి సాయపడుతుంది. నెలల తరబడి వేసుకుంటే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పనికి వెళ్లే ముందు ఒకటి, వచ్చాక ఒకటి వేసుకునేవాళ్లు మన చెరువుల మీద ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకడివి కావద్దు. సూది వేయించుకుంటే గంటలో లేచి తిరగొచ్చని ఎవరన్నా చెబితే, ఆ సూదిలో ఉన్న మందు పేరేమిటో అడుగు. స్టెరాయిడ్ అయితే తాత్కాలికంగా హాయిగా ఉంటుంది, మళ్లీ మళ్లీ పడితే ఎముకలే గుల్లబారతాయి. నొప్పి మరచిపోవడానికి సాయంత్రం పూట మద్యం పుచ్చుకోవడం అసలు వద్దు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, మనసుకు ధైర్యం ఇచ్చే చికిత్స, అవసరమైనంత వరకు మామూలు నొప్పి మందులు మంచివంది. నడుం పట్టీలు, బరువు కట్టి లాగడం, నల్లమందు జాతి మాత్రలు వద్దంది. మీ అమ్మ కొన్న పట్టీ బీరువాలో పెట్టించు. వేడి కాపడం హాయినిస్తే పెట్టుకో, తప్పు లేదు. ఆపరేషన్ మాట కాలులో బలం తగ్గినవాళ్లకు, కాలులోకి లాగే నొప్పి వారాలు గడిచినా తగ్గనివాళ్లకు. వట్టి నడుం నొప్పికి కత్తి పట్టాలని ఎవరన్నా తొందరపెడితే ఇంకో డాక్టరుకు కూడా చూపించు. చుట్ట మానేయాలి. పొగకూ నడుం నొప్పికీ సంబంధం ఉందని ప్రపంచ లెక్కలు చెబుతున్నాయి.

నీకు నేనిచ్చే అసలు మందు నడక. ఆస్ట్రేలియాలో ఒకసారి నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందితో చేసిన అధ్యయనం 2024లో అచ్చయింది. మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున నడవడం వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. నడిచిన జట్టులో నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పడితే, నడవని జట్టులో 112 రోజులే పట్టింది. జిమ్ము అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. మన ఉండి కాలువ గట్టు ఉంది, మీ ఆకివీడులో చెరువు గట్లు ఉన్నాయి. నొప్పి తగ్గాక కూడా మానకు. నడుం నొప్పి తగ్గినవాళ్లలో చాలామందికి ఏడాది లోపు మళ్లీ వస్తుంది. వస్తే ఓడిపోయినట్టు అనుకోకు. రెండు రోజులు తగ్గించి నడిచి, మళ్లీ పనిలోకి వెళ్లు.

డబ్బు విషయంలో రెండు మాటలు. మేస్త్రి దగ్గర పెద్ద అడ్వాన్సు తీసుకోకు. అడ్వాన్సు ఉన్నవాడు నొప్పి ఉందని చెప్పడానికి జంకుతాడు, తేలిక పని అడగలేడు. మీ ఆవిడ రొయ్యల ప్లాంటులో చేరతానంటోంది కదా, చేరేటప్పుడు ఈఎస్ఐ కార్డు ఇస్తారా అని అడగమను. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు అది హక్కు. చందా రోజులు నిండి ఉంటే, జబ్బు చేసినప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం వస్తుంది. మీ ముఠాకు అలాంటి ఆసరా లేదు. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం మన రాష్ట్రంలో 1976లోనే ఒక చట్టం చేశారు. అది మీ దాకా ఎందుకు రాలేదో కార్మిక శాఖ అధికారిని అడగడం మీ అందరి పని. ఒక్కడివే వెళ్లకు, అందరూ కలిసి వెళ్లండి.

చివరగా మీ అమ్మ గురించి. సార్వాలోనూ దాళ్వాలోనూ ఊడ్పులకు వెళ్లి వెళ్లి దానికీ నడుం నొప్పి ఉంది. నీ నొప్పి గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటున్నారు, దాని నొప్పి గురించి నేను అడిగేదాకా ఎవరూ ఎత్తలేదు. బురదలో రోజంతా వంగి నారు నాటి, ఇంటికొచ్చి మళ్లీ వంగి అంట్లు తోమి, ఊడ్చి, నీళ్లు మోస్తే ఆ నడుముకు విశ్రాంతి ఎక్కడిది? డ్రమ్ సీడర్లు, వెదజల్లే పద్ధతి వచ్చాక వంగే పని కొంత తగ్గింది, దాంతోపాటే ఆడవాళ్ల కూలి రోజులూ తగ్గాయి. ఉన్న కొద్ది రోజుల్లోనే ఎక్కువ సంపాదించాలని ఇంకా ఒళ్లు వంచుతున్నారు. నువ్వు ఇంట్లో ఉన్న ఈ రోజుల్లో గిన్నెలు కడిగే చోటును నిలబడే ఎత్తుకు కట్టించు. చిన్న బిందెలతో నీళ్లు నువ్వే తెచ్చిపెట్టు. ఇది మీ అమ్మకు సాయం, నీకు వ్యాయామం.

నీ ముందు ఇంకా ముప్పై ఏళ్ల పని ఉంది. ఆ పనిని నువ్వు వదులుకోవాల్సిన అవసరం ఈ నొప్పిలో నాకు కనపడలేదు. రేపటి నుంచి నడక, వచ్చే సోమవారం ముఠాతో మాట, ఆ వారంలోనే కాటా దగ్గర పని. ఆదివారం బస్సెక్కి ఉండికి రా. చేయాల్సిన వ్యాయామాలు నాలుగైదు నా ఎదురుగా చేయించి పంపిస్తాను. మీ మేస్త్రి కూడా వస్తానంటే వెంటబెట్టుకు రా, అతనితో నేనే మాట్లాడతాను.

మీ ఆవిడకు, పిల్లలకు నా దీవెనలు. మీ అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మీ మామయ్య